జీపు మనుమలు

మా రాయలసీమ పల్లెలలో నాలుగు చక్రాల మీద కాస్త ఎత్తుగా నిలబడిన బండి ఏది కనబడినా దానికి ఒకటే పేరు: జీపు. తయారు చేసినవారు ఎంత ముచ్చటైన నామకరణం చేసి పంపినా సరే, ఊళ్ళోకి వచ్చేసరికి "జీపొచ్చిందప్పా" అనే అంటారు. కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి గనుక ఈ మాట విన్నప్పుడల్లా నాకు అర్థవిపరిణామం పాఠం జ్ఞాపకం వస్తుంది. ఒకప్పుడు నువ్వుల నుంచి తీసినదే నూనె. ఈనాడు వేరుశనగ నూనె, కొబ్బరి నూనె, చివరకు కిరసనాయిలు కూడా మట్టినూనె! ఇది అర్థవ్యాకోచం. పూర్వం సభికుడంటే జూదగృహం నడిపేవాడు; ఇప్పుడు సభలో గౌరవంగా కూర్చునే పెద్దమనిషి. ఇది అర్థోత్కర్ష.

జీపు విషయంలో ఈ రెండూ జరిగాయి. పేరుకు వ్యాకోచం జరిగింది, వస్తువుకు ఉత్కర్ష జరిగింది. యుద్ధభూమిలో బురద తొక్కడానికి పుట్టిన బండి వంశంలో ఇప్పుడు చల్లగాలి, తోలు కుర్చీలు, అద్దపు కప్పు గల విలాస వాహనాలు పుట్టాయి. నేల నుంచి ఉన్న ఆ ఎత్తు మాత్రం తాత నుంచి మనుమల దాకా చెక్కు చెదరలేదు. ఆ ఎత్తు మొదట ఎందుకు వచ్చింది? ఇప్పుడు ఎందుకు ఉన్నది? దానికి వెల ఎవరు చెల్లిస్తున్నారు? మోటార్ల శాస్త్రం నా సొంత విద్య కాదు. చదివిందీ, మెకానిక్కులను అడిగి తెలుసుకున్నదీ కలిపి ఆ వంశకథ చెబుతాను.

తాతగారు

1940లో అమెరికా సైన్యం వారు తేలికగా, గట్టిగా ఉండే చిన్న బండి ఒకటి కావాలని కంపెనీలను అడిగారు. బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా చేసి ఇచ్చింది. భారీ ఎత్తున తయారుచేసే పని మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కింది. యుద్ధం ముగిసేలోగా ఆ ఇద్దరూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశారు. ఇంజను బలం 60 గుర్రాలు. తలుపులు లేవు, పైన గుడ్డ కప్పు, కూర్చుంటే నడుము విరిగే సీట్లు.

మరి దాని గొప్ప ఏమిటి? ఆ కాలపు మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. ఆ రెండూ బురదలో జారాయంటే మిగిలిన రెండూ ప్రేక్షకులే. జీపులో బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే రెండవ గేరు పెట్టె ఉన్నది. వేగం తగ్గించి లాగే శక్తిని పెంచే ఏర్పాటూ అందులోనే ఉన్నది. నాలుగు చక్రాలు నాలుగు ఎద్దుల్లాగా పట్టు పడతాయన్నమాట. అడుగు భాగం రాళ్ళకు తగలకుండా బండిని నేలకు ఎత్తుగా నిలబెట్టారు. కాబట్టి ఆ ఎత్తు హోదా కోసం పుట్టింది కాదు, అవసరం కోసం పుట్టింది.

1945లో ఆ బండినే రైతులకూ, పౌరులకూ అమ్మడం మొదలుపెట్టారు. అమెరికాలో దానికి నాగలి కట్టి దున్నినవారు కూడా ఉన్నారు. 1940ల చివరలో బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చడం ప్రారంభించారు. మన దేశంలో జీపు కాపురం పెట్టింది అప్పటి నుంచే.

అది మా నేలకు చేసిన బండేమో అనిపిస్తుంది నాకు. నంద్యాల, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి సంగతి ఆ చేలల్లో నడిచినవారికి తెలుసు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలు. ఒక్క గట్టి వాన పడిందా, పిసికిన పిండిలాగా అంటుకుంటుంది. చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిందే. ఎద్దుల బండి ఇరుసుదాకా దిగబడుతుంది. తూర్పుగా నల్లమల వైపు పోతే బురద బదులు రాళ్ళదారి. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి గనుల బాటలూ అంతే. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. కచేరీలు కొన్ని గుడారాలలో నడిచిన రోజులవి. అటువంటి చోట పల్లెలకు పోవలసిన అధికారికి జీపు విలాసం ఎట్లా అవుతుంది?

నా చిన్నతనం 1980లలో. అప్పటికీ మా ఊరికి జీపు వచ్చిందంటే సర్కారు వచ్చిందనే అర్థం. టీకాలు వేసేవారు, కరవు పనుల లెక్క చూసేవారు, ఎన్నికల పెట్టెలు – అన్నీ జీపు మీదే. బస్సు రాని ఊళ్ళకు సర్వీసు జీపులు నడిచేవి. లోపల ఎంతమంది పడతారో ఎవరూ లెక్కపెట్టేవారు కారు. వెనక మెట్టు మీద వేలాడేవారు వేరు, టాపు మీద గంపలతో కూర్చునేవారు వేరు. జీపులో పోయినవాణ్ణి చూసి ఆ రోజుల్లో ఎవరూ అసూయపడలేదు. "పాపం, ఎంత కుదిపిందో" అని మంచినీళ్ళిచ్చేవారు.

సముద్రాల ఆవలి సంతానం

తాతకు నాగరికత నేర్పిన ఘనత పరదేశాలదే. 1963లో అమెరికాలో జీప్ కంపెనీవారు వాగనీర్ అనే కుటుంబపు బండిని తెచ్చారు. నాలుగు చక్రాల బలం ఉంటూనే లోపల కారులో ఉండే సదుపాయాలు పెట్టారు. 1970లో ఇంగ్లండులో రేంజ్ రోవర్ వచ్చింది. ఈనాడు ఆ పేరు వింటే కోటీశ్వరులు జ్ఞాపకం వస్తారు గాని, మొదటి రేంజ్ రోవర్ లోపలి భాగాన్ని గొట్టంతో నీళ్ళు కొట్టి కడుక్కునేటట్టు చేశారు! బురద కాళ్ళతో ఎక్కే భూస్వాముల కోసం చేసిన బండి అది. తొలి పదేళ్ళకు పైగా కంపెనీవారు దానికి రెండు తలుపులే పెట్టారు. నాలుగు తలుపులది 1981లో వచ్చింది. తోలు కుర్చీలూ, కొయ్య నగిషీలూ తర్వాత తర్వాత చేరాయి.

అసలు మలుపు 1990లలో వచ్చింది. అది అర్థం కావాలంటే మన ఎద్దుల బండినే తలచుకోవాలి. నొగలూ ఇరుసూ వేరు, పైన పెట్టే జల్ల వేరు. జల్ల తీసేసినా బండి బండే. జీపు నిర్మాణమూ ఇదే – అడుగున ఇనుప చట్రం, పైన డొక్కు. ఎంత బరువైనా మోస్తుంది, కాని బాగా కుదుపుతుంది. కారు నిర్మాణం వేరు. దానికి విడిగా చట్రం ఉండదు. కోడిగుడ్డు పెంకులాగా ఒంటి డొక్కే బరువు మోస్తుంది. తేలికగా, మెత్తగా పోతుంది.

1997 చివరలో జపానులో టొయోటావారు హారియర్ అనే బండిని విడుదల చేశారు. మన టాటావారి హారియర్ వేరు, ఇది వేరు. మరుసటి సంవత్సరం అదే బండిని అమెరికాలో లెక్సస్ ఆర్.ఎక్స్. 300 అన్న పేరుతో అమ్మారు. దాని పునాది క్యామ్రీ అనే కారుది, రూపం జీపుది. పులితోలు కప్పుకున్న ఆవు అనవచ్చు, కాని పాలిచ్చే మంచి ఆవు! అది విపరీతంగా అమ్ముడుపోయింది. ఎందుకంటే కొనేవారిలో బహుకొద్దిమందికే కొండలెక్కే పని ఉన్నది. మిగిలినవారికి కావలసింది ఎత్తు నుంచి రోడ్డు కనబడటం, వంగకుండా ఎక్కి కూర్చోవడం, లోపల నిశ్శబ్దం.

ఆ తర్వాత దానికి తరాల మీద తరాలు. 2003లో రెండవ తరం, 2009 ప్రాంతంలో మూడవది, 2015లో నాలుగవది, 2022లో అయిదవది. 2005లో పెట్రోలు ఇంజనుకు తోడు విద్యుత్ మోటారు కూడా పెట్టిన బండిని తెచ్చారు. అయిదవ తరానికి వచ్చేసరికి మొదటి నుంచీ ఉన్న ఆరు సిలిండర్ల ఇంజనునే తీసేసి నాలుగు సిలిండర్లతో సరిపెట్టారు. 2017లో ఆ లెక్సస్ మన దేశానికీ వచ్చింది. వెల కోటి రూపాయల దరిదాపు. దానికి తాత విల్లీస్ జీపు అని చెబితే నమ్మేవారుండరు.

సీమ సంతానం

మన వైపు మార్పు 1994లో టాటా సుమోతో మొదలైంది. ఆ కంపెనీని పెంచి పెద్దచేసిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలే 'సుమో'. పదిమంది పడతారు, గట్టి కప్పు ఉన్నది, డీజిలుతో నడుస్తుంది. పెళ్ళి బృందాలకూ, తిరుపతి యాత్రలకూ, ఆస్పత్రి ప్రయాణాలకూ జీపు కంటే ఎంతో మేలు. కాని 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన తర్వాత వరుసకట్టిన ఫాక్షన్ సినిమాలు ఆ బండికి వేరే అర్థం అంటగట్టాయి. వరుసగా దుమ్ము రేపుతూ వచ్చే తెల్లబండ్లు, వేటకొడవళ్ళు, గాలిలోకి ఎగిరే సుమోలు – ఇదే రాయలసీమ అనుకున్నారు బయటివారు. మా సీమలో ఆ కక్షలు లేవని నేను అనను. వాటి వల్ల తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు నా తరగతిలో కూర్చున్నారు. కాని రోగిని ఎక్కించుకుని అర్ధరాత్రి కర్నూలు పెద్దాసుపత్రికి పరిగెత్తిన సుమోల సంఖ్యే ఎక్కువ. వాటి మీద ఎవరూ సినిమా తీయలేదు. 2019లో సుమో తయారీ ఆగిపోయింది.

1998లో వచ్చిన టాటా సఫారీ మా ప్రాంతపు పెద్దమనుషుల మొదటి విలాస బండి. దాని వంశం చూస్తే విషయమంతా అద్దంలో కనబడుతుంది. మొదటి సఫారీ చట్రం మీద కట్టిన బండి. రెండు లీటర్లకు కొంచెం తక్కువ డీజిలు ఇంజను, సుమారు 90 గుర్రాల బలం. కావాలన్నవారికి నాలుగు చక్రాల బలమూ ఇచ్చారు. 2005లోనూ, 2012లోనూ దాన్ని మార్చి, కొత్త ఇంజన్లు పెట్టి తెచ్చారు. 2019లో ఆపేశారు. 2021లో అదే పేరుతో కొత్త బండి వచ్చింది. ఇంజను పరిమాణం దాదాపు అంతే, బలం మాత్రం 170 గుర్రాలు. మెత్తదనం, గాలి సంచులు, తెరలు, పాటలు – అన్నిటా ముందంజే. కాని విడి చట్రం పోయింది, బలం ముందు రెండు చక్రాలకే. తాత లాగిన రేగడిలోకి మనుమడు దిగలేడు! "పాత సఫారీ చేలోకి పోయేది సార్, కొత్తది మాల్‌లోకి పోతుంది" అన్నాడు మా వీధి చివర మెకానిక్కు. నేను రెండు పేజీలలో చెప్పలేనిది ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఇదంతా మోసమని నేను అనడం లేదు. రోడ్డు మారింది, బండీ మారింది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకూ, అక్కడి నుంచి రాయచోటి, చిత్తూరు వైపుకూ పోయే దారి ఇప్పుడు 40వ నెంబరు జాతీయ రహదారి. కడప నుంచి వేలూరు ఆస్పత్రికి పోయే రోగికి కమాను పట్టీల కుదుపు కంటే మెత్తని స్ప్రింగుల బండి మేలు కాదా? మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి కిందికి వంగి కూర్చోవలసిన కారు కంటే సమానమైన ఎత్తున్న సీటు సుఖం కాదా? ఆ మాటలు నిజమే.

ఎత్తుకు పన్ను

ఎత్తు విలాసమని సర్కారువారు కూడా ఒప్పుకున్నారు. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఇటువంటి బండ్లను గుర్తించడానికి మూడు కొలతలు పెట్టారు. ఇంజను 1500 సి.సి. దాటాలి, పొడవు 4 మీటర్లు దాటాలి, నేలకూ బండి అడుగుకూ మధ్య 170 మిల్లీమీటర్లు గాని అంతకు పైన గాని ఉండాలి. ఈ మూడూ కలిస్తే సెస్సుతో కలిపి 50 శాతం పన్ను. 2025 సెప్టెంబరులో దాన్ని 40 శాతం చేశారు. రాళ్ళు తగలకుండా పేదదారుల కోసం పెట్టిన ఖాళీ జాగా చివరకు భాగ్యానికి కొలబద్ద అయిందన్నమాట.

ఈ వంశంలో చిన్నవాడు మాకు పొరుగునే పుట్టాడు. కర్నూలు నుంచి 44వ నెంబరు రహదారి మీద దక్షిణంగా పోతే అనంతపురం దాటాక పెనుకొండ వస్తుంది. అక్కడ కొరియా దేశపు కియా కంపెనీవారు 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కార్ఖానా కట్టారు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. ఏడాదికి 3 లక్షల బండ్లు తయారుచేసే శక్తి గల కార్ఖానా అది. సెల్టోస్ కోటి రూపాయల బండి కాదు. పది లక్షల పైచిలుకు నుంచి ఇరవై లక్షల దాకా పలికే మధ్యతరగతి విలాసం. దాని పెట్రోలు ఇంజను 1497 సి.సి., డీజిలుది 1493. పాత పన్ను గీతకు ఎంత దగ్గరగా ఆగాయో చూడండి! మన దేశంలో అమ్మే సెల్టోస్‌లోనూ బలం ముందు చక్రాలకే.

ఆ కార్ఖానాకు నీళ్ళు గొల్లపల్లి జలాశయం నుంచి. గొల్లపల్లికి నీళ్ళు హంద్రీ-నీవా కాలువ నుంచి. ఆ కాలువకు నీళ్ళు నందికొట్కూరు దగ్గర మాల్యాలలో శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తి పోస్తారు. కృష్ణ నీళ్ళు మా పక్క నుంచే పెనుకొండకు పోతున్నాయి. మా విద్యార్థులలో కొందరికి అటువంటి కార్ఖానాలలో ఉద్యోగం మీద ఆశ ఉన్నది, వారి తండ్రులకు చేలో తడి మీద ఆశ ఉన్నది. రెండూ న్యాయమైన ఆశలే. సీమలో ఏ యంత్రం కథ చెప్పినా చివరకు నీటి దగ్గరికి రాక తప్పదు.

ఎత్తులో ఉన్న ముప్పు

ఎత్తుబండికి ఒక స్వభావం ఉన్నది. నిండు బిందెను చంకలో పెట్టుకుని నడవడం తేలిక, తలమీద పెట్టుకుని మలుపు తిరగడం కష్టం. బరువు పైకి పోయినకొద్దీ మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు విచ్చిపోయి, బండ్లు బోర్లపడి, రెండు వందల మందికి పైగా మరణించారు. 2000లో టైర్లను లక్షల సంఖ్యలో వెనక్కు తీసుకున్నారు. ఆ తర్వాత బండి జారబోతుంటే ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ సాధనం ఇటువంటి బండ్లలో వ్యాపించింది. కొనేటప్పుడు అద్దపు కప్పు ఉన్నదా అని అడిగేముందు ఈ సాధనం ఉన్నదా అని అడగండి. వెనక సీటులో కూర్చున్నవారు కూడా పట్టీ కట్టుకోవాలని మన నిబంధనలే చెబుతున్నాయి. కడప నుంచి రాయచోటికి పోయే గువ్వలచెరువు ఘాటులో మలుపు మీద మలుపు. అక్కడ బండి వెల ఎంతో కొండకు తెలియదు.

పెళ్ళి మాటలలో బండి

ఇంతకూ ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన సంగతి వేరే ఉన్నది. ప్రొద్దుటూరులో మా దూరపు బంధువు ఒకాయన, రిటైరయిన బడిపంతులు, నాకు బావ వరుస. వాళ్ళ అమ్మాయి పెళ్ళి మాటలకు నన్ను కూడా రమ్మన్నాడు. మగపెళ్ళివారు మంచివారే. కట్నం ఊసే ఎత్తలేదు. భోజనాలయ్యాక పిల్లవాడి మేనమామ తాంబూలం వేసుకుంటూ అన్నాడు: "మేమేం కట్నమడిగేవాళ్ళం కాదప్పా. పిల్లోళ్ళు తిరిగేదానికి ఒక బండి మాత్రం పెట్టండి. చిన్నకారు గాదు, రొంత ఎత్తుగా ఉండేది. నలుగుర్లో మర్యాదగా ఉంటాది."

మా బావ నా వైపు చూశాడు. ఆయన పింఛను నాకు తెలుసు. మైదుకూరు వైపు ఉన్న మూడెకరాల చేనూ తెలుసు. ఎత్తుబండి అంటే ఆ చేనే. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చిందన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఈలోగా గడప దగ్గర నిలబడిన అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "ఆయన పనిచేసేది బెంగుళూరులో గదా మామా, ఆ బండి ఎక్కాల్సిన మిట్ట యాడుంది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. పెళ్ళికొడుకు మాత్రం తల వంచుకుని నవ్వుకున్నాడు. ఆ సంబంధం కుదరలేదు. అమ్మాయి మాట పెద్దవారికి పెడసరంగా తోచిందట. రెండేళ్ళకు ఆమెకు వేరే సంబంధం వచ్చింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ కడపలో ఒక స్కూటరు మీద తిరుగుతున్నారు. చేను ఇంకా మా బావ పేరనే ఉన్నది. ఆ సంవత్సరం శనగ వేశాడు.

ఎత్తుబండి కొనవద్దని నేను చెప్పను. ఇంట్లో పెద్దవారుంటే, ఊరికి దారి సరిగ్గా లేకపోతే, ఏడుగురు కలిసి ప్రయాణం చేసే సంసారమైతే, అప్పు లేకుండా కొనగలిగితే నిక్షేపంగా కొనండి. కాని డబ్బు కట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. మనం పోయే దారిలో ఇంత ఎత్తు అవసరమా? బండి కొన్న తర్వాత డీజిలుకూ, టైర్లకూ, భీమాకూ ఏటా ఎంత అవుతుంది? ఈ డబ్బు ఎవరిది? మూడవ ప్రశ్నకు జవాబు "పిల్ల తండ్రిది" అయితే మొదటి రెండూ అడగనక్కరలేదు. ఆ బండి మన వాకిట్లోకి రాకుండా ఉండటమే మర్యాద.